‘ఏం లేదు’ అనకండి, ‘ఉంది కానీ ఏం కాదు’ అనండి

కళ్ళజోడు నంబరు మారిందేమో చూపించుకుందామని వెళ్ళాను. చదివేటప్పుడు అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటున్నాయి, పుస్తకాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే తప్ప కుదరడం లేదు, నలభై దాటాక అందరికీ వచ్చేదే కదా అనుకున్నాను. నంబరు చూశారు, రాసిచ్చారు. ఎలాగూ వచ్చారు కాబట్టి కంటి లోపల కూడా ఒకసారి చూసేద్దాం అని చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు.

అరగంట తర్వాత డాక్టరు గారు తలకి లైటు కట్టుకుని, చేత్తో ఒక భూతద్దం లాంటిది నా కంటి ముందు పట్టుకుని, పైకి చూడండి, కుడి వైపు చూడండి, ఇప్పుడు కిందికి అంటూ వరసగా చూస్తూ పోయారు. కుడి కన్ను తొందరగానే అయిపోయింది. ఎడమ కంట్లో కూడా ఒక్కో దిక్కుకీ రెండు మూడు సెకన్లే పట్టింది, కిందికి ముక్కు వైపు చూడమన్నప్పుడు మాత్రం వెలుగు అక్కడే నిలబడిపోయింది. నిటారుగా చూడమన్నారు, మళ్ళీ అక్కడికే తెచ్చారు. ఆ కాసేపూ ఆయన ఏమీ మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు, ఆయన ఊపిరి వినిపిస్తోంది, అంతే.

"ఎడమ కంట్లో చిన్న నీవస్ ఉందండీ. పుట్టుమచ్చ లాంటిది. ఏం లేదు, కంగారు పడకండి. ఒక ఫోటో తీయిద్దాం. ఆరు నెలలాగి మళ్ళీ రండి."

ఆయన మంచి డాక్టరే, అది ముందే చెప్పాలి. ఓపిగ్గా చూశారు, ఎవరూ చూడకుండా వదిలేసేదాన్ని పట్టుకున్నారు. కానీ ఆ మాటల్ని ఆ వరసలో విన్న మనిషికి రాత్రికి ఏమవుతుందో ఆయన ఊహించి ఉండరు. ఏం లేకపోతే మళ్ళీ రమ్మనడం ఎందుకు? రమ్మన్నారంటే ఏదో ఉన్నట్టే కదా? ఈ రెండు ప్రశ్నల మధ్య ఆరు నెలలు గడిపాను కాబట్టి, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మన భాషలో ‘ఏం లేదు’ వేరు, ‘ఏం కాదు’ వేరు. ఏం లేదు అంటే అక్కడ ఏమీ లేదని. ఏం కాదు అంటే ఉన్నదాని వల్ల ముప్పు లేదని. నాకు నిజంగా చెప్పాల్సింది రెండోది. మచ్చ ఉంది, దాన్ని ఫోటో కూడా తీశారు, దానికో పేరు పెట్టి చీటీ మీద రాశారు. అన్నీ చేసి ఏం లేదు అంటే, ఆ మాటని నమ్మాలో, కళ్ళ ముందున్న కాగితాన్ని నమ్మాలో తెలియదు. ధైర్యం చెప్పడానికే అన్నారని తెలుసు. ఆ ధైర్యం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు.

ఆ రాత్రి ఫోన్లో ఫోటో తెరిచాను (స్క్రీన్ మీద ఉన్నదాన్ని నా ఫోన్‌తో తీసుకోనిచ్చారు). నారింజ ఎరుపు రంగులో గుండ్రటి బొమ్మ, ఒక పక్కన లేత పసుపు పళ్ళెం లాంటిది, అందులోంచి చెట్టు కొమ్మల్లా చీలుతూ పోయే రక్తనాళాలు. ఆ పసుపు పళ్ళెం కంటి నరం మొదలయ్యే చోటు. దానికి కొంచెం కింద, బూడిద పలక రంగులో ఒక మచ్చ. అంచులు గీసినట్టు లేవు, నీళ్ళలో కలిసిన సిరాలా చుట్టూ మెల్లగా పలచబడిపోతున్నాయి. మచ్చ మీద అక్కడక్కడా పసుపు చుక్కలు, సూదిమొనంత. ఒక సన్నటి రక్తనాళం ఆ మచ్చ మీదుగా ఈ వైపు నుంచి ఆ వైపుకి, ఎక్కడా తెగకుండా, వంగకుండా దాటిపోతోంది. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. అలా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ పసుపు చుక్కలు చూసినప్పుడల్లా కడుపులో ఏదో దిగినట్టు అయ్యేది. ఆ చుక్కలూ, ఆ రక్తనాళమూ నిజానికి మంచి కబురే చెబుతున్నాయని నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

అసలు అదేమిటో చెబుతాను. స్కూల్లో కన్ను బొమ్మ గీసినప్పుడు మూడు పొరలు గుర్తించేవాళ్ళం: బయట దృఢస్తరం, మధ్యలో రక్తపటలం, లోపల నేత్రపటలం, అంటే రెటీనా. ఆ మధ్య పొరలో రంగునిచ్చే కణాలు ఉంటాయి, మెలనోసైట్లంటారు, చర్మానికి రంగునిచ్చేవీ ఆ జాతివే. చర్మంలో ఆ కణాలు ఒకచోట గుంపు కడితే పుట్టుమచ్చ. రక్తపటలంలో గుంపు కడితే నీవస్. అంతకంటే తేడా లేదు. ఆ మాటకొస్తే లాటిన్లో నీవస్ అన్నా పుట్టుమచ్చే. పుట్టుమచ్చ అన్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిందని కాదు, చిన్నపిల్లల కళ్ళలో ఇవి అరుదు, ఎక్కువగా పెద్దవాళ్ళలోనే కనిపిస్తాయి.

మచ్చ మీదుగా రక్తనాళం తెగకుండా పోతోందన్నాను కదా, ఆ నాళం రెటీనాది. అది మచ్చకి పైన ఉందంటే మచ్చ రెటీనా కింద ఉందని అర్థం. పసుపు చుక్కల్ని డ్రూసెన్ అంటారు. ఏళ్ళ తరబడి కదలకుండా ఒకేచోట ఉన్న మచ్చ మీద పేరుకునేవి అవి. మచ్చ పాతది, నెమ్మదైనది అనడానికి డాక్టర్లు చూసే గుర్తుల్లో అదొకటి. నేను ఏ చుక్కల్ని చూసి భయపడ్డానో అవే నా పక్షాన ఉన్న సాక్షులు. ఈ ఒక్క ముక్క ఆ రోజే ఎవరైనా వేలు పెట్టి చూపించి ఉంటే!

కంట్లో కనిపించే నల్ల మచ్చలన్నీ ఇదే కాదు, అదీ చెప్పాలి. రెటీనాకి అడుగున ఉండే రంగు పొరలోనే పుట్టుకతో వచ్చే నల్లటి మచ్చ ఇంకో రకం ఉంది, దాన్ని ఇంగ్లీషు అక్షరాలు కలిపి చెర్పీ అని పిలుస్తారు. అది బాగా నల్లగా, చదునుగా, కత్తిరించి అతికించినట్టు స్పష్టమైన అంచుతో ఉంటుంది. ఒక కంట్లో ఒకటి ఉంటే దాదాపు ఎప్పుడూ హాని లేనిదే. రెండు కళ్ళలోనూ, చాలా సంఖ్యలో, ఆకారం అడ్డదిడ్డంగా ఉంటే మాత్రం పెద్దపేగులో పాలిప్స్ వచ్చే ఒక వంశపారంపర్య జబ్బుకి గుర్తు కావచ్చు, అప్పుడు కడుపు డాక్టరు దగ్గరికి పంపుతారు. నాది అది కాదు. నాది బూడిద రంగు, అంచులు కలిసిపోయే రకం.

మొదటి రెండు వారాలూ నేను చేసిన పని ఒక కన్ను మూసి ఒక కంటితో చూడటం. తలుపు చట్రం నిటారుగా ఉందా, గోడ మీద గీత ఎక్కడైనా వంగుతోందా, ఎడమ కంటికి రంగులు తగ్గాయా. ఒక మధ్యాహ్నం తెల్ల గోడ మీద చూస్తుంటే ఎడమ కంటి ముందు చిన్న నల్ల నలుసు తేలుతూ కనిపించింది. ఇదిగో ఇదే మచ్చ, పెరిగి కనిపిస్తోంది అనుకున్నాను. గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది.

అది మచ్చ కాదు, కాబోదు కూడా. ఎందుకో తెలిశాక నాకు కలిగిన నెమ్మది ఇంకే మాట వల్లా కలగలేదు. కంట్లోకి వచ్చే వెలుగు ముందు రెటీనాలో చూపునిచ్చే కణాల్ని చేరుతుంది. మచ్చ ఉన్నది వాటి వెనక. సినిమా తెర వెనక గోడ మీద మరక ఉంటే తెర మీది బొమ్మలో మరక పడదు కదా, ఇదీ అంతే. తేలే నలుసులు మాత్రం రెటీనాకి ముందు, కంటిని నింపి ఉండే జెల్లీ లాంటి పదార్థంలో ఉంటాయి, అందుకే వాటి నీడ పడుతుంది, కన్ను కదిపితే కదులుతాయి. అంటే నాకు కనిపిస్తున్నది మచ్చ కాదు, మచ్చ నాకు కనిపించేది కాదు. (నలుసులు ఒక్కసారిగా గుంపుగా రావడం, మెరుపులు కనిపించడం, ఒక పక్క నుంచి తెర దించినట్టు చీకటి కమ్మడం, ఇవి వేరే కథ. అవి రెటీనా చిరిగిందనడానికి గుర్తులు కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, మచ్చ ఉన్నా లేకపోయినా.)

మచ్చ వల్ల చూపు చెడే సందర్భాలు లేకపోలేదు. సూటిగా చూసేటప్పుడు వాడే మధ్యభాగం కింద ఉండి, అక్కడ నీరు ఊరితే గీతలు వంకరగా, మసగ్గా కనిపించవచ్చు. నాది అక్కడ లేదు. ఎక్కడుందో అడగాలన్న ఆలోచన కూడా మొదటిసారి నాకు రాలేదు.

ఇక ఇంటర్నెట్. నీవస్ అని కొడితే రెండో వరసలోనే మెలనోమా అన్న మాట వస్తుంది. వచ్చాక మిగతావేవీ కంటికి ఆనవు. ఆ మాట నుంచి తప్పించుకుని రాస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. కంటి మెలనోమా నిజమైన క్యాన్సరు, తేలికైనదేమీ కాదు. చికిత్స చేసినా దాదాపు సగం మందిలో ఏళ్ళు గడిచాక వేరే చోటికి, ఎక్కువగా కాలేయానికి, పాకుతుంది. రక్తపటలంలోని నీవస్ ఎప్పుడో ఒకప్పుడు మెలనోమాగా మారే అవకాశం ఉందన్నదీ నిజమే. మరి ఆ ‘ఎప్పుడో ఒకప్పుడు’ ఎంత?

2005లో అమెరికాలో తెల్లవాళ్ళ జనాభా మీద వేసిన ఒక లెక్క ఉంది. ఏడాదికి 8,845 నీవస్‌లలో ఒకటి మెలనోమాగా మారుతుందని దాని అంచనా. అది కూడా మెలనోమాలన్నీ నీవస్ నుంచే పుడతాయని అనుకుని వేసిన లెక్క, కాబట్టి అసలు సంఖ్య అంతకంటే తక్కువే ఉండాలి. మరి మచ్చలు ఎంతమందికి? ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో 49 ఏళ్ళు దాటినవాళ్ళ కళ్ళని ఫోటోలు తీసి చూస్తే 6.5 శాతం మందిలో నీవస్ కనిపించింది. సింగపూర్‌లోని మలయ్ ప్రజల్లో 1.4 శాతం, బీజింగ్ అధ్యయనంలో 2.9 శాతం. అంటే వందమంది పెద్దవాళ్ళు కూర్చున్న హాల్లో ఒకరికో ముగ్గురికో, కొన్ని దేశాల్లో ఆరుగురికో ఉంటుంది, వాళ్ళలో చాలామందికి తెలియదు. కంటి మెలనోమా మాత్రం అమెరికాలో ఏడాదికి పది లక్షల మందిలో సుమారు అయిదుగురికి, ఆసియా జాతుల్లో అంతకంటే ఎన్నో రెట్లు అరుదు.

ఇదంతా చదివి కుదుటపడుతుండగా ఇంకో సంఖ్య ఎదురైంది, అది నా నిద్ర మళ్ళీ చెడగొట్టింది. 2019లో అమెరికాలోని ఒక పెద్ద కంటి క్యాన్సర్ విభాగం నుంచి వచ్చిన పరిశోధన, 2,355 నీవస్‌ల మీద చేసింది. ప్రమాద సూచనలు ఒక్కటీ లేని మచ్చలు కూడా అయిదేళ్ళలో 1 శాతం మారాయని అందులో ఉంది. వందలో ఒకటి! ఎనిమిది వేల ఎనిమిది వందల్లో ఒకటి ఎక్కడ, వందలో ఒకటి ఎక్కడ? ఏడాదికీ అయిదేళ్ళకీ తేడా తీసేసినా పొంతన కుదరదు. రెండు మూడు రోజులు ఇదే ఆలోచన.

తర్వాత అర్థమైంది. ఆ పరిశోధనలోని వాళ్ళు వీధిలో వెళ్ళే మామూలు మనుషులు కారు, ఎవరో ఒక డాక్టరుకి అనుమానం వచ్చి క్యాన్సర్ నిపుణుల దగ్గరికి పంపినవాళ్ళు. జల్లెడ పట్టాక మిగిలినవాళ్ళలో లెక్క వేస్తే సంఖ్య పెద్దదిగానే వస్తుంది. కళ్ళజోడు కోసం వెళ్ళి అనుకోకుండా మచ్చ బయటపడ్డ నాలాంటివాడు మొదటి లెక్కకి దగ్గర, రెండోదానికి దూరం. అంకెని చూసే ముందు అది ఎవరిని లెక్కపెట్టిన అంకె అని అడగాలి. నాకు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు, అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను.

అదే పరిశోధనలో పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది, అసలు చెప్పుకోవాల్సింది అదే. మచ్చ మారుతుందా లేదా అనేది గాలివాటంగా చెప్పేది కాదు, చూడటానికి ఖచ్చితమైన గుర్తులున్నాయి. మందం 2 మిల్లీమీటర్లు దాటిందా, రెటీనా కింద నీరు చేరిందా, చూపు తగ్గడం లాంటి లక్షణాలున్నాయా, మచ్చ మీద నారింజ రంగు పొడి లాంటిది ఉందా, అల్ట్రాసౌండ్‌లో లోపల బోలుగా కనిపిస్తోందా, వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటిందా. ఈ ఆరింటిలో ఒకటి ఉంటే అయిదేళ్ళలో 11 శాతం, రెండుంటే 22, మూడుంటే 34, అలా పెరుగుతూ పోతుంది. బ్రిటన్‌లో బెర్టిల్ డమాటో అనే కంటి క్యాన్సర్ నిపుణుడు మోల్స్ అని ఇంకా తేలికైన పద్ధతి పెట్టారు. పుట్టగొడుగు ఆకారం, నారింజ రంగు, పెద్ద సైజు, పెరుగుదల, నీరు, ఈ అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు. మొత్తం సున్నా వస్తే మామూలు పుట్టుమచ్చ, మూడు లేదా ఆపైన వస్తే మెలనోమా అయ్యే అవకాశం ఎక్కువ, వెంటనే నిపుణుల దగ్గరికి పంపాలి.

సైజు చూడటానికి కొలబద్ద కూడా ఫోటోలోనే ఉంటుంది. పసుపు పళ్ళెం అన్నానే, కంటి నరం మొదలు, దాని వెడల్పు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. దాన్ని పక్కన పెట్టి చూస్తే మచ్చ ఎంతో ఇట్టే తెలుస్తుంది. నా మచ్చ ఒకటిన్నర పళ్ళేలంత ఉంది, అంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ఎత్తు లేదు, నీరు లేదు, నారింజ రంగు లేదు. ఆ పసుపు చుక్కలు ఉన్నాయి. ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను గడియారం పెట్టుకుని చదివి చూశాను, ఒక నిమిషం కూడా పట్టలేదు.

మా అక్కకి ఫోన్ చేసి చెబితే, "ఏం లేదన్నారు కదరా, ఇంకెందుకు తవ్వుతావ్? అసలు ఆ చుక్కలు వేయించుకోకపోతే నీకు ఈ టెన్షనే ఉండేది కాదు" అంది. అక్కతో నేను వాదించలేదు, నా మీద ప్రేమతో అన్నది. కానీ ఈ వాదన చాలామంది చేస్తారు, డాక్టర్లలో కూడా కొందరు చేస్తారు: హాని లేనిదాన్ని చెప్పి మనిషిని భయపెట్టడం ఎందుకు, చెప్పకుండా ఉంటే పోయేదిగా అని. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కన్ను లోపలికి చూసే పరికరం గురించి ప్రకటించేదాకా బతికున్న మనిషి కంటి వెనక భాగాన్ని డాక్టర్లు చూడగలిగింది లేదు. అప్పటిదాకా ఈ మచ్చలతో కోట్లమంది బతికి, ముసలివాళ్ళై పోయారు, ఎవరికీ తెలియలేదు, ఏమీ కాలేదు. నిజమే.

అయినా నేను ఒప్పుకోను. ఆ కోట్లమందిలో మచ్చ మారిన ఆ కొద్దిమందికి కూడా తెలియలేదు మరి, చూపు పోయేదాకా, కొందరికి అప్పటికి కూడా. మెలనోమాలో గడ్డ ఎంత చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే అంత మేలు. పైగా చర్మం మీది పుట్టుమచ్చ అయితే నేను అద్దంలో చూసుకోగలను, రంగు మారితే నాకే తెలుస్తుంది. కంటి వెనకది నాకెప్పటికీ కనిపించదు. నా ఒంట్లో ఉండి నేను చూసుకోలేనిదాన్ని చూసినవాళ్ళు నాకు చెప్పకుండా ఉంచే హక్కు ఎక్కడిది? చెప్పాలి. కాకపోతే సగం చెప్పి వదిలేయకూడదు. భయం చెప్పినందువల్ల రాలేదు, సగమే చెప్పినందువల్ల వచ్చింది.

‘ఏం లేదు’ వల్ల నాలాంటివాళ్ళు ఒక రకంగా నష్టపోతే, ఇంకో రకంగా నష్టపోయేవాళ్ళూ ఉన్నారు. మా ఆఫీసులో ఒకాయనకి నా సంగతి చెబితే, నాకూ అలాంటిదే ఏదో ఉందన్నారండీ, ఏడెనిమిదేళ్ళయింది అన్నారు. మళ్ళీ చూపించుకున్నారా అంటే, ఏం లేదన్నారుగా, ఇంకెందుకు అన్నారు. ఆయన తప్పేముంది? ఏం లేదంటే ఏం లేదనే అర్థం చేసుకున్నారు. నాలాగా అనుమానించలేదు, విన్నమాట నమ్మారు. ఒకే మాట ఒకరిని నిద్రపోనివ్వలేదు, ఇంకొకరిని మళ్ళీ ఆ గడప తొక్కనివ్వలేదు. నా పోరు పడలేక మొన్న వెళ్ళొచ్చారు, ఆయన మచ్చ చదునుగా, చిన్నగా, మామూలుగానే ఉందట. కొలతలు రాయించుకుని వచ్చారు.

మళ్ళీ రమ్మనడం ఎందుకో నాకు అర్థమయ్యాక భయం సగానికి దిగింది. కోసి ముక్క తీసి పరీక్షించే పని చదునైన చిన్న మచ్చలకి చేయరు, చేయనక్కర్లేదు, ఎందుకంటే కన్ను ఒంట్లో డాక్టరు కోయకుండా లోపలికి నేరుగా చూడగలిగే అరుదైన చోటు. మెలనోమా విషయంలో కూడా అనుభవమున్న నిపుణులు చూసి, స్కాన్లు తీసి చెప్పిన నిర్ధారణ 99 శాతానికి పైగా సరైనదేనని అమెరికాలో చాలా ఆసుపత్రులు కలిసి చేసిన పెద్ద అధ్యయనంలో తేలింది. చూడటమే పరీక్ష. కానీ ఒక్కసారి చూస్తే ఇప్పుడెలా ఉందో తెలుస్తుంది గానీ, నిన్న ఎలా ఉందో తెలియదు. మొదటి ఫోటోకి పక్కన పెట్టడానికి ఇంకో ఫోటో లేదు. ఆరు నెలల తర్వాత రమ్మన్నది అనుమానంతో కాదు, రెండో ఫోటో కోసం. కొత్తగా కనిపించిన మచ్చని మొదట్లో ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి చూడటం చాలామంది డాక్టర్లు పాటించే పద్ధతి. ‘మళ్ళీ రండి, పోల్చి చూద్దాం’ అని ఒక్క మాట కలిపితే చాలు, వాక్యం స్వభావమే మారిపోతుంది.

ఇక్కడ నాకు ఒక కష్టం కూడా ఉంది. ఆరేళ్ళ క్రితం ఇంకోచోట కళ్ళు చూపించుకున్నాను, అప్పుడూ చుక్కలు వేశారు, అప్పుడూ ఫోటో తీశారు, నాకు బాగా గుర్తు, ఆ ఫ్లాష్ వెలుగుకి కాసేపు అంతా గులాబీ రంగులో కనిపించింది. ఆ ఫోటో ఉంటే ఆరు నెలలు ఆగక్కర్లేదు, ఆరేళ్ళ తేడా అప్పటికప్పుడు తెలిసేది. ఫోన్ చేశాను. మెషీన్ మార్చినప్పుడు పాతవి పోయాయన్నారు. నా దగ్గరున్న చీటీలో రెండు కళ్ళకీ కలిపి ఒకే మాట, నార్మల్. అప్పుడు మచ్చ లేదా, ఉన్నా చూడలేదా, చూసీ ఏం లేదులే అని రాయలేదా? ఇక ఎప్పటికీ తెలియదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ఒక ఫోటో దాచడం ఎంత పని?

అందుకే కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను, ఫోటో మీ దగ్గర పెట్టుకోండి. ఆసుపత్రి దాస్తుందిలే అనుకోవద్దు. ఏ కన్ను, ఎటువైపు, వెడల్పు ఎంత, మందం ఎంత, నీరు ఉందా, నారింజ రంగు ఉందా, తేదీ ఏమిటి, ఇవన్నీ చీటీ మీద రాయమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, మంచి డాక్టరు ఎవరూ ఏమీ అనుకోరు. మా డాక్టరు గారు రెండోసారి నేను ఇవన్నీ అడిగితే కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చుని మరీ చెప్పారు, మొదటిసారి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంకొకటి, చుక్కల మందులతో, కంటి వ్యాయామాలతో, తినే తిండితో మచ్చ కరిగిపోదు. ఎవరైనా కరిగిస్తామంటే నమ్మకండి. కరగాల్సిన అవసరం కూడా లేదు. మచ్చ కొంచెం పెరిగిందని చెప్పినా వెంటనే బెంబేలెత్తిపోవద్దు, చిన్న వయసువాళ్ళలో హాని లేనివి కూడా ఏళ్ళ మీద కాస్త పెరుగుతాయి. ఎంత కాలంలో ఎంత పెరిగింది, దానితో పాటు నీరు, నారింజ రంగు వచ్చాయా అన్నది నిపుణులు చూసి తేల్చాలి.

ఆరు నెలలూ అయ్యాయి. వెళ్ళాను. మళ్ళీ చుక్కలు, మళ్ళీ అరగంట, మళ్ళీ ఆ వెలుగు. ఈసారి స్క్రీన్ మీద రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టారు. మచ్చ మీదుగా పోయే ఆ సన్నటి రక్తనాళం ఒకచోట రెండుగా చీలుతుంది. ఎడమ ఫోటోలో ఆ చీలిక మచ్చ అంచుకి సరిగ్గా ఆనుకుని ఉంది. డాక్టరు గారు పెన్ను వెనక భాగంతో కుడి ఫోటోలో అదే చీలికని చూపించారు. అక్కడే ఉంది. అంచుకి ఆనుకునే. పసుపు చుక్కలు లెక్కపెట్టాను, నాలుగు పెద్దవి, రెండు చిన్నవి, అవీ అవే.

"ఉంది, ఉన్నట్టే ఉంది. ఏం కాదు. ఇక ఏడాదికి వస్తే చాలు" అన్నారు.

రెండు ఫోటోలూ ఫోన్లో వేసుకుని బయటికొచ్చాను. కనుపాపలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి, ఎండ తెల్లగా కొట్టింది, కళ్ళు తెరవలేకపోయాను. మెట్ల పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ మోగింది, ఎంత దూరం పట్టుకున్నా పేరు చదవడం కుదరలేదు, ఈ వేళకి చేసేది అక్కే అని ఎత్తాను.

"ఏమన్నారురా?"

"ఉందట అక్కా. ఉన్నట్టే ఉందట" అన్నాను.